జపాన్ ఉద్యోగం: ఎన్‌4 దాటాక మొదలయ్యే దారి

"ఆరు నెలల్లో జపనీస్, ఆ వెంటనే జపాన్‌లో ఉద్యోగం" అనే ప్రకటనలు ఇప్పుడు మన నగరాల్లో జర్మన్ కోర్సుల పక్కనే కనిపిస్తున్నాయి. ఈ గిరాకీ ఊరికే రాలేదు. 2025 ఆగస్టు 29న టోక్యోలో భారత్, జపాన్ ప్రధానులు ప్రకటించిన కార్యాచరణ ప్రణాళిక ఐదేళ్లలో రెండు దేశాల మధ్య 5 లక్షల మంది రాకపోకలను లక్ష్యంగా పెట్టింది. అందులో 50 వేల మంది మన దేశం నుంచి అక్కడికి వెళ్లే నైపుణ్యమున్నవారు. ఆ తర్వాత మూడు వారాలకే అమెరికా కొత్త హెచ్‌1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము వేసింది. పైచదువంటే అమెరికా తప్ప మరో దేశం పేరు వినిపించని ఇళ్లలో కూడా జపాన్ మాట మొదలైంది.

ప్రకటనలో మొదటి సగాన్ని అబద్ధమని కొట్టిపారేయలేం. జపనీస్ సామర్థ్య పరీక్ష జేఎల్‌పీటీకి 2010కి ముందున్న పాత ప్రమాణాల్లో, నేటి ఎన్‌4కు (ఐదు స్థాయుల్లో కింది నుంచి రెండోది) సమానమైన స్థాయికి 300 గంటల చదువు కావాలని చెప్పేవారు. రోజుకు రెండు గంటలు శ్రద్ధగా కూర్చునే విద్యార్థికి ఆరు నెలల్లో అది అందుతుంది. చిక్కంతా రెండో సగంలో ఉంది. ఎన్‌4తో దొరికే ఉద్యోగం ఏది? ఆ వీసా మీద ఎన్నేళ్లు ఉండొచ్చు? భార్యాబిడ్డలను తీసుకెళ్లొచ్చా? యజమాని సరైనవాడు కాకపోతే మారొచ్చా? ఏ ప్రశ్న అడిగినా జవాబు చివరికి భాష దగ్గరే తేలుతుంది. మనవాళ్లు అక్కడ ఎలాంటి బతుకు బతుకుతారో నిర్ణయించేది భాషే. దాన్ని వీసా దరఖాస్తుకు జతచేసే కాగితంగా చూడటం వల్ల మన పిల్లలు నష్టపోతున్నారని నా గట్టి నమ్మకం.

జపాన్ అవసరం మాత్రం నిజమైనదే. 2024లో అక్కడ పుట్టిన పిల్లలు సుమారు 6.86 లక్షల మంది. ఆ సంఖ్య 7 లక్షల కిందికి పడటం లెక్కలు తీయడం మొదలయ్యాక అదే మొదటిసారి. జనాభాలో 65 ఏళ్లు దాటినవారు 29 శాతం. వృద్ధుల సంరక్షణకు 2040 నాటికి 27.2 లక్షల మంది కావాలని, అది 2022లో ఉన్నవారి కన్నా 5.7 లక్షలు ఎక్కువని అక్కడి ఆరోగ్య శాఖ లెక్క వేసింది. ఐటీలో లోటు 2030 నాటికి గరిష్ఠంగా 7.9 లక్షలకు చేరవచ్చని ఆర్థిక, పరిశ్రమల శాఖ 2019లో అంచనా కట్టింది. 2024 అక్టోబరు నాటికి విదేశీ కార్మికులు 23 లక్షలు దాటారు. వారిలో అందరికన్నా ఎక్కువ వియత్నాం వాళ్లు. చిన్న దేశమైన నేపాల్ నుంచి వెళ్లి అక్కడ ఉంటున్నవారే 2 లక్షలు దాటితే, 2024 చివరికి భారతీయులందరూ కలిపి 54 వేల లోపే. ఇంత తక్కువమంది ఉండటానికి దూరం కారణం కాదు. ఇంగ్లిష్ నడిచే దేశాలకే మనం అలవాటు పడ్డాం.

ఈ అలవాటు జపనీస్ నేర్చుకునే తీరులోకీ వచ్చింది. అమెరికా దౌత్యవేత్తలకు భాషలు నేర్పే ప్రభుత్వ సంస్థ జపనీస్‌ను అతి కష్టమైన భాషల వర్గంలో పెట్టి, 2,200 తరగతి గంటలు కావాలంటుంది. ఆ లెక్క ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవారిది. తెలుగు పిల్లలు దాన్ని తమ లెక్కగా భావించి బెదిరిపోతున్నారు. తరగతిలో వ్యాకరణం ఇంగ్లిష్‌లో చెబుతారు. కాబట్టి విద్యార్థి ప్రతి వాక్యాన్నీ తలకిందులు చేసి ఇంగ్లిష్‌లో అర్థం చేసుకుని, మళ్లీ తిప్పి జపనీస్‌లో పేర్చుకుంటాడు. తెలుగులోంచి నేరుగా వెళ్తే ఆ తిప్పలే ఉండవు.

తెలుగులో లాగే జపనీస్‌లో క్రియ చివర వస్తుంది, విభక్తులు నామవాచకం వెనక చేరతాయి. ఇంతవరకు అందరూ చెప్పేదే. పోలిక ఇంకా లోపలికి వెళ్తుంది. "నిన్న కొన్న పుస్తకం" అనడానికి "కినో కత్త హొన్" అంటారు. మాట వెనక మాట అదే వరస. "వస్తాను అని చెప్పాడు" అనేది "కురు తొ ఇత్త". మన "అని" ఉన్న చోటే వాళ్ల "తొ" ఉంది. "తిని చూడు" అన్నప్పుడు మనం చూడటం గురించి మాట్లాడటం లేదు, రుచి తెలుసుకోమంటున్నాం. జపనీస్‌లో "తబెతె మిరు" కూడా అంతే. "మిరు" అంటే చూడటం. "రాసి పెట్టు" అన్నదానికి "కైతె ఒకు", "తినేశాను" అన్నదానికి "తబెతె షిమత్త" ఉన్నాయి. ఇంగ్లిష్ పుస్తకాల్లో ఒక్కోటీ ఒక్కో పాఠం పట్టే ఈ ప్రయోగాలు తెలుగు పిల్లకు ఒక్క వాక్యంతో తలకెక్కుతాయి. జపనీస్‌లోనూ కనిపించే "నాకు అర్థమవుతుంది" తరహా వాక్యంలో "నాకు" ఎందుకొచ్చిందో మనకెవరూ చెప్పక్కర్లేదు. ఉచ్చారణలోనూ మనకు లాభమే. "ఒబసాన్" అంటే అత్తో పిన్నో, "ఒబాసాన్" అంటే అమ్మమ్మ. "కితె" అంటే వచ్చి, "కిత్తె" అంటే తపాలా బిళ్ల. హ్రస్వదీర్ఘాలూ ద్విత్వాలూ ఉగ్గుపాలతో వచ్చిన భాష మనది.

ఈ పోలికలకు మూలం వెతికినవారున్నారు. జపాన్ పండితుడు సుసుము ఓనో తమిళానికీ జపనీస్‌కూ చుట్టరికం ఉందని ఏళ్ల తరబడి వాదించారు. భాషాశాస్త్రవేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు. చుట్టరికం తేలకపోయినా పోలిక పోలికే, నేర్చుకునేవారికి అది చాలు.

తెలుగు ఆదుకోని చోట్లు కూడా ఉన్నాయి. మన క్రియలో కర్త దాగి ఉంటుంది. "వచ్చాను" అంటే నేనని తెలిసిపోతుంది. జపనీస్ క్రియకు ఆ గుర్తులేవీ ఉండవు, అయినా కర్తను వదిలేస్తారు. ఎవరి గురించి మాట్లాడుతున్నారో సందర్భాన్ని బట్టి ఊహించుకోవాలి. మర్యాద భాష ఇంకా పెద్ద పరీక్ష. మనకు "మీరు", "గారు" ఉన్నాయి కాబట్టి సులువే అనిపిస్తుంది. కానీ మనం బయటివాళ్ల ముందు కూడా "మా నాన్నగారు వచ్చారు", "మా మేనేజర్‌గారు లేరు" అంటాం. జపాన్‌లో బయటి కంపెనీవాళ్లతో మాట్లాడేటప్పుడు తన పై అధికారి తనకా పేరుకు మన "గారు" లాంటి "సాన్" చేర్చకూడదు; "తనకా ఇప్పుడు లేడు" అన్న భావాన్ని తమను తగ్గించుకునే క్రియలతో చెప్పాలి. గౌరవం వయసునో హోదానో బట్టే కాకుండా, ఎదుటివారు మన వైపా బయటి వైపా అన్నదాన్ని బట్టి మారుతుంది. పెద్దలకు మర్యాద ఇవ్వడం బాగా తెలిసిన తెలుగు ఇంటి పిల్లే ఇక్కడ ఎక్కువ తడబడుతుంది. ఫోన్ ఎత్తి రెండు నిమిషాలు మాట్లాడిస్తే చాలు, ఎవరి జపనీస్ ఎంతో అక్కడి కంపెనీవాళ్లకు తెలిసిపోతుంది.

ఇక కాంజీ, అంటే చైనా నుంచి వచ్చిన అక్షరాలు. 2010లో సవరించిన వాడుక జాబితాలో 2,136 అక్షరాలున్నాయి. అందులో 1,026 ప్రాథమిక పాఠశాల పిల్లలకే నేర్పుతారు. చాలా అక్షరాలకు రెండు మూడు ఉచ్చారణలు. మనకు "నీరు" ఉంది, "జలం" ఉంది. విడిగా నీరు అంటాం, సమాసంలో జలాశయం అంటాం. ఆ రెంటికీ కలిపి ఒకే గుర్తు ఉండి, చోటును బట్టి ఒకసారి నీరు అనీ మరోసారి జలం అనీ చదవాల్సి వస్తే ఎలా ఉంటుందో కాంజీ అలా ఉంటుంది. విడిగా "మిజు", సమాసంలో "సుఇ". దేశ్య పదానికీ చైనా నుంచి వచ్చిన పదానికీ ఒకే రూపం. ఈ సూత్రం ముందే చెప్పే ఉపాధ్యాయుడు దొరికిన విద్యార్థి అదృష్టవంతుడు. అయినా రాసి, చదివి, మరిచి, మళ్లీ రాసే శ్రమకు దగ్గర దారి లేదు. పాత ప్రమాణాల ప్రకారం ఎన్‌5 స్థాయికి సుమారు 100 కాంజీలు, ఎన్‌4కు 300, ఎన్‌2కు 1,000, ఎన్‌1కు 2,000. ఎన్‌4 నుంచి ఎన్‌2కు వెళ్లే దారిలోనే చాలామంది ఆగిపోతారు. కోచింగ్ సెంటర్ల బ్యాచ్‌లు ఎన్‌4 దగ్గరే ఎక్కువగా ముగుస్తాయి కాబట్టి ఆ తర్వాత చెయ్యి పట్టుకునేవారూ తక్కువే.

పరీక్ష గురించి కొంచెం. 1984లో మొదలైన జేఎల్‌పీటీకి 2010 నుంచి ఐదు స్థాయులున్నాయి. ఏటా జులైలో, డిసెంబరులో జరుగుతుంది. 180 మార్కులకు ఎన్‌5 పాసవ్వాలంటే 80, ఎన్‌4కు 90, ఎన్‌1కు 100 రావాలి. ఇందులో మాట్లాడించే భాగం లేదు, రాయించే భాగం లేదు, అన్నీ బిట్లే. ఎంసెట్ బిట్లలో ఆరితేరిన మన పిల్లలు ఈ పరీక్షను గట్టెక్కగలరు. నోరు తెరవకుండా ఎన్‌4, ఎన్‌3 పాసైనవారు ఉంటారు. జపాన్‌లో దిగిన మొదటి వారం వార్డు ఆఫీసులో చిరునామా నమోదు చేయించుకోవడం దగ్గరే వాళ్లకు ఇబ్బంది మొదలవుతుంది. మాటకు తోడు వెతుక్కోవడానికి ఇప్పుడు ఒక చక్కని దారి ఉంది. 2022 అక్టోబరులో జపాన్‌లో విడుదలైన "ఆర్‌ఆర్‌ఆర్", రజనీకాంత్ "ముత్తు" పేరిట ఇరవై ఏళ్లకు పైగా ఉన్న వసూళ్ల రికార్డును దాటింది. తెలుగు సినిమాల మీద ఇష్టంతో తెలుగు అక్షరాలు దిద్దుకుంటున్న జపాన్ అభిమానులున్నారు. వాళ్లకు తెలుగు సంభాషణ కావాలి, మనకు జపనీస్ సంభాషణ కావాలి. వారానికి ఒక గంట అటూ ఇటూ మాట్లాడుకుంటే ఏ క్లాసూ ఇవ్వలేనిది దొరుకుతుంది.

ఇప్పుడు వీసాల సంగతి. డిగ్రీ ఉన్నవారు వెళ్లే ప్రధాన మార్గం అందరూ "ఇంజనీర్ వీసా" అని పిలిచేది. దానికి భాష కన్నా డిగ్రీ, ఆ డిగ్రీకి తగిన ఉద్యోగం ముఖ్యం. కుటుంబాన్ని తీసుకెళ్లొచ్చు, పొడిగించుకుంటూ పోవచ్చు. రాకుటెన్ 2012లో ఇంగ్లిష్‌ను అధికార భాషగా చేసుకుంది; మెర్కారి వంటి కంపెనీలు మన ఐఐటీల నుంచి నేరుగా తీసుకున్నాయి. 2000 ప్రాంతంలో వచ్చిన మన ఐటీ ఇంజనీర్లతో టోక్యోలోని ఎదొగావా వార్డు, నిషి కసాయి ప్రాంతం భారతీయుల పేటగా మారింది. 2019లో అదే వార్డు సభకు యోగేంద్ర పురాణిక్ ఎన్నికయ్యారు. అయితే ఇంగ్లిష్‌తో నడిచే కంపెనీలు కొన్నే. మామూలు జపాన్ కంపెనీలు ఎన్‌2 అడుగుతాయి. ఇంటర్వ్యూలో ఎన్‌2 కన్నా ఎక్కువే అడిగినట్టు ఉంటుంది. 70 పాయింట్లు వస్తే ఇచ్చే అత్యున్నత నిపుణుల వీసాలో ఎన్‌1కు 15, ఎన్‌2కు 10 పాయింట్లు కలుస్తాయి. మామూలుగా పదేళ్లు పట్టే శాశ్వత నివాసానికి 70 పాయింట్లున్నవారు మూడేళ్లలో, 80 ఉన్నవారు ఏడాదిలో దరఖాస్తు చేసుకోవచ్చు. ఎన్‌4కు ఇక్కడ ఒక్క పాయింటూ లేదు.

ఎన్‌4 పనికొచ్చేది మరో దారిలో. 2019 ఏప్రిల్‌లో మొదలైన నిర్దిష్ట నైపుణ్య కార్మికుల వీసాకు ఎన్‌4 గానీ, 250కి 200 మార్కులు రావాల్సిన జేఎఫ్‌టీ బేసిక్ గానీ పాసవ్వాలి. దాంతోపాటు ఆ రంగంలో నైపుణ్య పరీక్ష రాయాలి. దీనిపై భారత్, జపాన్‌ల మధ్య 2021 జనవరిలో ఒప్పందం కుదిరింది. 2024లో రంగాలు 16కు పెరిగాయి, ఐదేళ్లలో గరిష్ఠంగా 8.2 లక్షల మందిని తీసుకోవచ్చని జపాన్ నిర్ణయించింది. జపాన్‌వారితో సమానంగా జీతం ఇవ్వాలి, అదే రంగంలో యజమానిని మారొచ్చు. అయితే మొదటి రకం వీసా మీద మొత్తం ఐదేళ్లే ఉండొచ్చు, కుటుంబాన్ని తీసుకెళ్లకూడదు. రెండో రకానికి ఎదిగితే ఆ రెండు అడ్డంకులూ పోతాయి. దానికి పెట్టే పరీక్షలు జపనీస్‌లో ఉంటాయి, యంత్రం నడపడం ఎంత బాగా వచ్చినా ప్రశ్న చదవలేకపోతే లాభం లేదు.

ఈ వీసా కన్నా ముందే, 1993 నుంచి నడిచిన సాంకేతిక శిక్షణార్థుల పథకం చరిత్ర చేదుగా ఉంది. యజమానిని మారే హక్కు లేకపోవడం, తమ దేశంలో ఏజెంట్లకు అప్పు చేసి కట్టిన డబ్బు, రెండూ కలిసి శిక్షణార్థులను కట్టిపడేశాయి. 2023లో ఒక్క ఏడాదే 9,753 మంది పనిచోటు వదిలి కనిపించకుండా పోయారు. ఈ పథకాన్ని రద్దు చేసి, షరతులతో యజమానిని మార్చుకునే వీలున్న కొత్త పథకం తెచ్చే చట్టం 2024 జూన్‌లో పాసైంది. అది 2027 ఏప్రిల్ నుంచి అమలవుతుంది. మన దేశంలో విదేశీ ఉద్యోగాలకు పంపే ఏజెంట్ ప్రభుత్వం దగ్గర నమోదై ఉండాలి, సేవా రుసుము 30 వేల రూపాయలు దాటకూడదు. లక్షలు అడిగినచోట లేచి వచ్చేయడం మేలు.

చదువుకుంటూ పనిచేసుకోవచ్చని లాంగ్వేజ్ స్కూళ్లకు పంపే దారి గురించి ఒక్కమాట. విద్యార్థి వీసా మీద వారానికి 28 గంటలే పని. ఆ సంపాదనతో ఫీజు, అద్దె, అప్పు మూడూ తీరవు. ఇంట్లో డబ్బున్నవారికే అది సరిపోతుంది.

అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచించాల్సింది నర్సింగ్ చదివిన అమ్మాయిల గురించి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ వీరికి జపనీస్ నేర్పించి జపాన్‌కు పంపుతోంది. ఆ పని ప్రభుత్వ సంస్థ చేతిలో ఉండటం మంచిదే. కానీ బీఎస్సీ నర్సింగ్, జీఎన్‌ఎం చదివినవారు అక్కడ నర్సులుగా చేరడం లేదు, వృద్ధుల సంరక్షకులుగా చేరుతున్నారు. మన దేశంలో చదివినవారు జపాన్‌లో నర్సుగా పనిచేయాలంటే ఎన్‌1 ఉండి, అక్కడి జాతీయ నర్సింగ్ పరీక్ష జపనీస్‌లో పాసవ్వాలి. సంరక్షణ పని అంటే స్నానం చేయించడం, తినిపించడం, పడుకోబెట్టడం, డైపర్ మార్చడం, రాత్రి షిఫ్టులో గదిగదికీ తిరగడం. గౌరవమైన పనే. ఇంజెక్షన్, సెలైన్ చేత్తో పట్టుకుని నాలుగేళ్లు నేర్చుకున్న అమ్మాయికి, తను వెళ్తున్నది ఈ పనికని బయలుదేరే ముందే తెలుగులో, తల్లిదండ్రుల ఎదుట, స్పష్టంగా చెప్పాలి.

ఈ పనిలో భాష మరీ సున్నితమైనది. తొంభై ఏళ్ల ముసలమ్మ తన బాధను పుస్తకంలో మాటలతో చెప్పదు. లోపల సలుపుతుంటే "జుకిజుకి" అంటుంది, గుచ్చుకుంటుంటే "చికుచికు", తల పగిలిపోతుంటే "గంగన్". "జివ్వుమంటోంది", "చురుక్కుమంటోంది", "సలసల మరుగుతోంది" అనే ధ్వన్యనుకరణ పదాలు తెలుగులో ఎన్ని ఉన్నాయో జపనీస్‌లో అంతకు తగ్గవు. ఊళ్లలోనైతే ప్రాంతపు యాస తోడవుతుంది. రాత్రి పని అప్పగించేటప్పుడు ఎవరు ఎంత తిన్నారో, ఎవరికి జ్వరం వచ్చిందో జపనీస్‌లో రాయాలి. బిట్లు పెట్టి ఎన్‌4 పాసైన అమ్మాయి మొదటి ఆరు నెలలు మాట రాక కుమిలిపోవడంలో ఆశ్చర్యం లేదు. ఇదే పనిలో మూడేళ్ల అనుభవం, నిర్ణీత శిక్షణ పూర్తిచేసి "కైగో ఫుకుషిషి" అనే జాతీయ పరీక్ష పాసైతే 2017లో వచ్చిన సంరక్షణ వీసా దొరుకుతుంది; గడువు పరిమితి లేదు, భర్తనూ పిల్లలనూ పిలిపించుకోవచ్చు. ఐదేళ్లకు తిరుగు విమానం ఎక్కడానికీ, అక్కడే ఇల్లు నిలబెట్టుకోవడానికీ మధ్య ఉన్నది ఆ ఒక్క పరీక్ష. కాబట్టి మన శిక్షణ ఎన్‌4 దగ్గర ఆగకూడదు. వెళ్లాక మూడేళ్లపాటు ఆన్‌లైన్‌లో, తెలుగు తెలిసిన ఉపాధ్యాయులతో, ఆ పరీక్షకు తయారుచేసే ఏర్పాటు ఉండాలి. పంపిన సంస్థలే ఆ ఖర్చు భరించాలి.

జీతం లెక్క కూడా ముందే చూసుకోవాలి. 2025లో కనీస వేతనం దేశ సగటున గంటకు 1,121 యెన్‌లు, టోక్యోలో 1,226. నెలకు 170 గంటలు పనిచేస్తే సగటున 1.9 లక్షల యెన్‌లు. అందులో పెన్షన్ 9.15 శాతం, ఆరోగ్య బీమా, ఆదాయ పన్ను పోతాయి. రెండో ఏడాది నుంచి స్థానిక పన్ను కలుస్తుంది. మొదటి ఏడాది చేతికొచ్చిన జీతం చూసి ఇంటికి ఇంత పంపుతానని మాటిచ్చినవారు రెండో ఏడాది ఇబ్బంది పడతారు. యెన్ విలువా నిలకడగా లేదు: 2020లో 70 పైసల దగ్గర ఉన్నది 2024 మధ్యలో 52కు దిగింది. తిరిగొచ్చేవారు కట్టిన పెన్షన్‌లో కొంత ఒకేసారి వెనక్కి తీసుకోవచ్చు, దేశం వదిలిన రెండేళ్లలోగా దరఖాస్తు చేయాలి. ఇది తెలియక వదులుకునేవారుంటారు.

జపాన్ శుభ్రత, భద్రత, సమయపాలన గురించి అందరికీ తెలుసు. ఇల్లు దొరకడం మాత్రం కష్టం. ఇల్లు వెతుక్కున్న విదేశీయుల్లో దాదాపు 40 శాతం మందికి విదేశీయులన్న కారణంతో కాదన్నారని అక్కడి న్యాయశాఖ 2017లో వెల్లడించిన సర్వే తేల్చింది. 2025 జులై ఎగువసభ ఎన్నికల్లో "ముందు జపానీయులు" అనే నినాదంతో సాన్‌సేతో పార్టీ 14 సీట్లు గెలిచింది. మనుషులు కావాలి, విదేశీయులు వద్దు అనే రెండు మాటలూ ఒకే దేశంలో వినిపిస్తున్నాయి. చెత్త వేరుచేసే పద్ధతి నుంచి స్కూల్ నోటీసు దాకా చదవగలిగి, పొరుగువాళ్లతో నాలుగు మాటలు మాట్లాడగలిగే కుటుంబాన్ని ఆ గాలి అంతగా తాకదు. భాష రానివారిని మొదట తాకుతుంది.

మనకు చేతిలో ఉన్నవి తక్కువేమీ కావు. హైదరాబాద్‌లో ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూ జపనీస్‌లో డిగ్రీలిస్తోంది. ఐఐటీ హైదరాబాద్ ప్రాంగణం జపాన్ ప్రభుత్వ సహాయ సంస్థ జైకా రుణంతో కట్టిందే. అక్కడి విద్యార్థులు జపాన్ విశ్వవిద్యాలయాలకు వెళ్తున్నారు. తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఇసుజు, డైకిన్, కోబెల్కో, టొరే ఉన్నాయి. లేనివి రెండు: తెలుగు నుంచి నేరుగా జపనీస్‌కు నడిపించే మంచి వ్యాకరణ పాఠాలు, ఎన్‌2 దాటించగల ఉపాధ్యాయులు. ఇఫ్లూలో చదివినవారికి గుంటూరులోనో కరీంనగర్‌లోనో పాఠం చెప్పమని ఎవరూ తగిన జీతం ఇవ్వరు. వాళ్లు బహుళజాతి కంపెనీల్లో అనువాద పనికి వెళ్లిపోతారు. మరోవైపు ఐదేళ్ల గడువు ముగించుకుని జపాన్ నుంచి తిరిగొచ్చేవారికి మాట్లాడే జపనీస్ బాగా వస్తుంది, అక్కడి ఫ్యాక్టరీ, ఆస్పత్రి, ఆఫీసు ఎలా నడుస్తాయో తెలుసు. టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్ నైపుణ్యాభివృద్ధి సంస్థ వాళ్లను పంపేటప్పుడే పేర్లు రాసి ఉంచుకుని, తిరిగొచ్చిన రోజు నుంచి జిల్లా కేంద్రాల్లో ఉపాధ్యాయులుగా, శ్రీసిటీ కంపెనీల్లో దుబాసీలుగా తీసుకోవచ్చు. 2021 తర్వాత నిర్దిష్ట నైపుణ్య వీసా మీద వెళ్లిన తొలి బృందాలకు గడువు దగ్గరపడుతోంది.